మ్యూజియం నిల్వ గదులలో లోహక్షయం

లోహాలు గాలిలోని ఆక్సిజన్, తేమ, ఆమ్లాల ఆవిరి మొదలైన వాటితో చర్య జరిపి క్రమంగా ఇతర సమ్మేళనాలుగా మారిపోవడాన్ని లోహక్షయం అంటారు. ఇనుము తుప్పు పట్టడం, రాగి చిలుము పట్టడం, వెండి నల్లబడడం దీనికి ఉదాహరణలు. ఎండావానలు సోకని మ్యూజియం నిల్వ గదులలో సైతం ఇది జరుగుతుంది. పలు సందర్భాలలో వస్తువును దాచిన బీరువాయే దాని నాశనానికి కారణమవుతుంది.

సీసం

శాతవాహనుల నాణేలలో సీసపు నాణేలు అధికం. వాటిపై ముద్రించిన రాజుల పేర్లు, శాసనాలతో పాటు, ఆ వంశ చరిత్రకు ముఖ్య ఆధారాలు. సీసం సాధారణ గాలిలో బాగా నిలిచే లోహమే. అయితే కలప నుండి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి (వినిగర్‌లో ఉండేది ఈ ఆమ్లమే) కొద్దికొద్దిగా వెలువడుతూ ఉంటుంది. ఓక్ వంటి కలపలలో ఇది మరీ ఎక్కువ. ప్లైవుడ్‌లోని జిగురు నుండి వచ్చే ఫార్మాల్డిహైడ్ ఫార్మిక్ ఆమ్లంగా మారగలదు. మూసిన సొరుగులో ఈ ఆవిరి పేరుకొని, గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్‌ల తోడ్పాటుతో సీసాన్ని తెల్లని లెడ్ కార్బొనేట్‌గా మారుస్తుంది. ఈ క్రమంలో ఆమ్లం మళ్ళీ విడుదలవుతుంది కనుక కొద్దిపాటి ఆమ్లం చాలా సీసాన్ని తినివేయగలదు. పూర్వం సీసపు రేకులను వినిగర్ ఆవిరిలో ఉంచి సఫేదా తయారు చేసిన పద్ధతి ఇదే. ఒకసారి పొడిగా మారిన అక్షరాన్ని తిరిగి పొందలేము.

కంచు

భూమిలో చాలాకాలం ఉన్న కంచు వస్తువులలో ఉప్పు నుండి వచ్చిన క్లోరైడ్ చేరి, క్యూప్రస్ క్లోరైడ్ రూపంలో లోపల దాగి ఉంటుంది. సాపేక్ష ఆర్ద్రత సుమారు 42 శాతం దాటినచో ఇది తేమ, ఆక్సిజన్‌లతో చర్య జరిపి లేత ఆకుపచ్చ పొడిగా మారుతుంది. అప్పుడు వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం మిగిలిన రాగిపై దాడి చేస్తుంది. ఇట్లు చక్రం సాగుతుంది. దీనిని కంచు రోగం అంటారు. 19వ శతాబ్ది చివరలో కొందరు దీనిని సూక్ష్మజీవుల పనిగా భావించారు. కోస్తా ప్రాంతంలో వర్షాకాలపు ఆర్ద్రత తరచు 80 శాతాన్ని మించుతుంది కనుక ఇక్కడ జాగ్రత్త మరింత అవసరం. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో 1930లో రసాయన సంరక్షణశాల ప్రారంభమైనది ప్రధానంగా ఈ వ్యాధి సోకిన కంచు విగ్రహాల కొరకే. 1967 నుండి బెంజోట్రయాజోల్ అనే రసాయనం కూడా ఈ చికిత్సలో వాడుకలోకి వచ్చింది.

వెండి, ఇనుము

ఉన్ని గుడ్డ, రబ్బరు నుండి వెలువడే గంధక సమ్మేళనాల వలన వెండి నల్లబడుతుంది. త్రవ్వకాలలో లభించిన ఇనుము, క్లోరైడ్ ఉన్నచో, పొరలు పొరలుగా రాలిపోతుంది.

నివారణ

కంచు, ఇనుప వస్తువులను సిలికా జెల్‌తో పాటు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలలో ఉంచుతారు. సీసాన్ని మాత్రం చెక్క పెట్టెలో గట్టిగా మూయడం ప్రమాదకరం. దానికి ఉక్కు బీరువా మేలు.

బీరువా కొరకు వాడే చెక్క, గుడ్డ, రంగు వంటి వాటిని ముందుగా పరీక్షించడానికి బ్రిటిష్ మ్యూజియంకు చెందిన ఆండ్రూ ఆడీ 1973లో ఒక సులభ పద్ధతిని ప్రతిపాదించాడు. పరీక్షించవలసిన పదార్థపు ముక్కను, కొద్దిగా నీటిని, వెండి, సీసం, రాగి రేకులను గాజు పాత్రలో మూసి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 28 రోజులు ఉంచుతారు. రేకులు మారినచో ఆ పదార్థం నిల్వకు పనికిరాదు.

మన ఇళ్ళలో ఇత్తడి సామానును చింతపండుతో తోమినట్లు పురావస్తువులను తోమరాదు. మెరుపు వస్తుంది గాని, పైపొరతో పాటు దానిపై గల లిపి, చెక్కడపు గుర్తులు కూడా పోతాయి.