రంగు తెలియని కన్ను

వేకువజామున చమఖండి ప్రాంతపు సముద్రతీరమునకు పోయి నిలిచినవారికి రెండు కోలాహలములు వినవచ్చును. మొదటిది, తెప్పలను కెరటములలోనికి త్రోయుచు, చుట్టునంతయు ఒడియా వినబడు సీమలో తరతరములుగా తెలుగుననే కేకలు వేసికొనుచున్న నోలియా జాలరులది; రెండవది, ఆ తెప్పల ప్రక్కగా తడియిసుకపై అడుగులు పడ, చేతి గడియారమువంక చూచుకొనుచు పరుగులు తీయు పదునెనిమిది, పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాండ్రది. గోపాలపురము దిక్కున సైనిక వాయురక్షణ కళాశాల ఫిరంగులు మ్రోగుచుండగా పెరిగిన యీ పిల్లలకు సైన్యమన్నది పత్రికలలో చదువుకొను మాట కాదు. నావికులను తీర్చిదిద్దు చిలికా శిక్షణాకేంద్రము వీరికి బస్సుప్రయాణపు దూరములోనే యున్నది.

మొన్న నొకనాడు, ఆ చిలికాలో శిక్షణము ముగించుకొని సెలవుపై వచ్చిన కుఱ్ఱవాడొకడు మా యరుగుపై ముఖము వ్రేలవేసికొని కూర్చుండెను. పరుగుపందెములలో ఈ చుట్టుప్రక్కల వానిని మించినవాడు లేడు.

"పెద్దనాన్నా, ఓడెక్కి తుపాకీ పట్టుకుంటాననుకున్నాను. నన్ను గోదాములో సరుకులు లెక్కెట్టమన్నారు. నాలుగేళ్లూ అయ్యాక ఇంటికొచ్చి ఏటని సెప్పుకోను?" అని వాడడిగెను.

2022 జూన్ 14వ తేదీన ప్రకటింపబడిన అగ్నిపథ విధానము ననుసరించి చేరిన వానికి కొలువు నాలుగేండ్లు మాత్రమే. అటుపై నూటికి ఇరువదియైదుగురకు మించి నిలుపరు. తక్కినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి చేతబట్టుకొని, లోకములోని తోటివారు ఉద్యోగములకై బయలుదేరు వయసున, కొలువు చాలించి యిలు సేరవలెను. కనుక వాని దిగులు గోదామును గూర్చినది మాత్రమే కాదు. గోదాము పిమ్మట రాబోవు బ్రతుకును గూర్చినది.

బలము వర్తకమైన కథ మన సీమలో లేకపోలేదు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిదప రొమ్ముపై నేనుగును నిలుపుకొని చూపరులను దిగ్భ్రాంతులను గావించిన కోడి రామమూర్తినాయుడు తన కండబలమునే మూలధనముగా మదుపు పెట్టి సర్కసు కంపెనీని నడిపెను. అయితే ఆ వర్తకమునకు సరకు ఆయన దేహమే. దేహము నిలిచినంతవరకే యంగడి. మా కుఱ్ఱవానికి కావలసిన కథ వేఱొకటి. అందుచేత నేను వానికి, నావికా విద్యాలయపు క్రీడాకారుడై, గోదామధికారియై, తుదకు వర్తకశ్రేష్ఠుడైన రోజర్ స్టాబాక్ అను అమెరికా దేశస్థుని చరిత్ర చెప్పితిని.

ఆయన 1942 ఫిబ్రవరి 5వ తేదీన ఓహాయో రాష్ట్రమందలి సిన్సినాటి నగరమున జన్మించెను. ఆ నెల మన తీరమునకు దుఃఖస్మృతి గల నెల. గోపాలపురమున స్టీమరెక్కి రంగూనుకు కూలికి పోయిన మన గంజాంవారు, జపాను సేనలు ముంచుకొనివచ్చుచుండగా, ఆ కాలముననే మూటాముల్లె సర్దుకొని పలాయనమగుచుండిరి. మార్చి 8వ తేదీకి రంగూను పడిపోయెను. నడచి వచ్చినవారు వచ్చిరి, దారిలో రాలినవారు రాలిరి. వచ్చినవారందఱును నడివయసున మరల మొదటినుండి బ్రతుకు ప్రారంభించిరి. రెండవమారు ఆరంభించుట యన్నది యీ యూళ్లకు క్రొత్త విద్య కాదు.

స్టాబాక్ బాల్యమునుండియు ఆటలలో దిట్ట. అనాపొలిస్‌లోని అమెరికా నావికా విద్యాలయమున చేరగోరెను గాని, ప్రవేశమునకు జరిపిన పరీక్షలలో మాతృభాషయైన ఆంగ్లముననే మార్కులు చాలకపోయెను. అందువలన న్యూ మెక్సికో సైనిక విద్యాసంస్థలో ఒక సంవత్సరము చదివి, ఆ లోటు పూడ్చుకొని, 1961లో అనాపొలిస్‌లో అడుగుపెట్టెను.

అక్కడ ఆయన ఆడిన ఆట మనమెఱిగిన కాలిబంతి కాదు. రెండు కొసలును సాగిన కోడిగ్రుడ్డు వంటి బంతి; నూఱు గజముల మైదానము; ప్రక్కకు పదునొకండుగురు. బంతి చేతనున్న పక్షమువారు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు సాగవలెను. సాగలేనిచో బంతి ప్రతిపక్షమునకు పోవును. ఈ వ్యవహారమునంతను నడుపువాడు క్వార్టర్‌బ్యాక్. మన వీధినాటకములలో సూత్రధారుని వంటివాడు. బంతి వాని చేతికందిన మఱుక్షణమున మహాకాయులు నలువైపులనుండి మీదపడుచుందురు; ఆ రెండు మూడు లిప్తలలో బంతిని ఎవ్వరికి విసరవలెనో, తానే పట్టుకొని పరుగెత్తవలెనో నిశ్చయించుకొనవలెను. స్టాబాక్ తప్పించుకొని పరుగెత్తుటలో నేర్పరి. చిక్కెననుకొన్న చోట చిక్కక, చిక్కులోనుండియే మార్గము కల్పించుకొనువాడు.

1963లో, చదువింక నొక యేడు మిగిలియుండగనే, ఆ దేశపు కళాశాలా క్రీడాకారులలో అగ్రగణ్యున కిచ్చు హైస్మన్ బహుమానము ఆయనకు లభించెను. లైఫ్ పత్రిక తన ముఖచిత్రముగా ఆయన బొమ్మను ముద్రించెను గాని, నవంబరు 22న అధ్యక్షుడు కెనెడీ హతుడగుటచే ఆ ముఖపత్రమును మార్చి, కెనెడీ చిత్రముతో సంచికను వెలువరించెను. వాయిదాపడిన సైనిక, నావికా విద్యాలయముల వార్షిక పోటీ డిసెంబరు 7న జరిగినపుడు, స్టాబాక్ నడిపిన నావికా పక్షము 21–15 తేడాతో గెలిచెను. కాలము ముగియునప్పటికి ప్రతిపక్షము గెలుపుగీతకు రెండు గజముల దూరమున నిలిచియుండెను.

ఇంతటి మేటి క్రీడాకారుడు యుద్ధనౌకకు నాయకుడగుననియే యెవరైనను తలంతురు. కాని ఆయన కన్నులలో నొక లోపము బయల్పడెను: కొన్ని రంగుల భేదము ఆయనకు తెలియదు. సముద్రముపై రాత్రివేళ ఎదురుపడు ఓడ ఎటు తిరిగియున్నదో తెలుపునవి దాని ఎఱ్ఱ, పచ్చ దీపములే; ఎడమ ప్రక్క ఎఱుపు, కుడి ప్రక్క పచ్చ. ఆ రెంటిని పోల్చలేని కన్ను ఎంత వాడిదైనను ఓడ నడుపుటకు పనికిరాదు. అందుచేత 1965లో పట్టము పుచ్చుకొన్న స్టాబాకునకు దక్కినది సరఫరా శాఖ. అనగా గోదాములు, పద్దులు, బస్తాలు, పెట్టెలు.

ఇచ్చట మా కుఱ్ఱవాడు తల యెత్తెను.

స్వదేశమున సుఖముగా కాలము గడుపు నవకాశ ముండియు ఆయన వియత్నాము పోవుటకు తానై ముందునకు వచ్చి, చూలై స్థావరమున నలుబదియొక్క మంది నావికులపై అధికారియై సరకుల సరఫరాను నిర్వహించెను. అన్నమును, మందులును, తూటాలును వేళకు చేరనిదే శూరుడు సైతము నిరాయుధుడే. ఫలానివాని కేమి కావలెను, ఎప్పటికి కావలెను, అది యెచ్చట దొరకును అను మూడు ప్రశ్నలే సరఫరా విద్యకు సర్వస్వము. అందులో తన కేమి కావలెనన్న ప్రశ్న లేదు. ఈ వాక్యమును నేను వానికి రెండుమారులు చెప్పితిని.

స్టాబాక్ కొలువు కూడ సరిగా నాలుగేండ్లే. 1964లోనే డాలస్ కౌబాయ్స్ అను వృత్తిజట్టు ఆయనను పేరు వ్రాసి పెట్టుకొన్నను, ఆయన కొలువు పూర్తి గావించుకొని, సెలవుదినములలో సాధన చేసికొనుచు, 1969లో గాని అందు చేరలేదు. అప్పటికి ఇరువదియేడేండ్లు, భార్యాబిడ్డలు గల సంసారి. ఇరువదిరెండేండ్ల పిల్లలతో కలసి క్రొత్తవాడై నిలిచి, పిదప రెండేండ్లు మఱియొకని నీడలో వేచియుండి, 1971లో స్థానము సుస్థిరము చేసికొనెను. 1972 జనవరి 16న ఆ దేశపు మహాపోటీయైన సూపర్ బౌల్‌లో డాలస్ జట్టు మయామీపై 24–3 తేడాతో గెలువగా, శ్రేష్ఠ క్రీడాకారుడుగా ఆయనయే ఎన్నికయ్యెను. 1978 జనవరిలో డెన్వర్ జట్టుపై మరల గెలుపు.

1975 డిసెంబరు 28వ నాటి యాటను గూర్చి యచ్చటివారు నేటికిని చెప్పుకొందురు. కొలది లిప్తలు మాత్రము మిగిలియుండగా, 14–10 తేడాతో ఓడిపోవుచున్న వేళ, స్టాబాక్ మైదానపు నడిమినుండి బంతిని బలమంతయు నుపయోగించి విసరెను. బంతి కొంచెము పొట్టిగా పడినను, డ్రూ పియర్సన్ అను సహచరుడు దానిని తుంటికిని మోచేతికిని నడుమ నెట్లో యదిమిపట్టి గీత దాటెను. బంతి విసరుచు కన్నులు మూసికొని మేరీమాతకు ప్రార్థన చేసితినని ఆయన చెప్పగా, నాటినుండి కడపటి ఘడియలో దైవముపై భారము వైచి విసరు బంతికి ఆ ప్రార్థన పేరే నిలిచిపోయెను.

అయితే దైవముపై భారము వైచినది బంతిని మాత్రమే, బ్రతుకును కాదు. ఏ మోకాలు విఱిగినను ఆట ముగియునని యెఱిగిన ఆ సంసారి, 1970 నుండియే, ఆటలు లేని మాసములలో డాలస్‌లోని హెన్రీ ఎస్. మిల్లర్ అను స్థిరాస్తి సంస్థలో పనివాడై చేరి యుండెను. జనము తన పేరునకు మ్రొక్కుచుండగా, భవనముల వెలలును, అద్దెపత్రముల షరతులును నేర్చుకొనుచు ఏడేండ్లు గడపి, 1977లో రాబర్ట్ హాలోవే అను భాగస్వామితో సొంత సంస్థ స్థాపించెను. 1982లో అది స్టాబాక్ కంపెనీ యయ్యెను. తలకు తగిలిన దెబ్బలను వైద్యులు లెక్కకు తేగా, 1980 మార్చిలో ఆట మానుకొనునాటికి ఆయనకు రెండవ బ్రతుకు సిద్ధముగనే యుండెను.

ఆ వర్తకములో ఆయన గావించినదేమో తెలియుటకు బరంపురము బజారు చాలును. పట్టువస్త్రముల యంగడి పెట్టుకొనదలచిన వర్తకుడు అద్దెపత్రముపై చేవ్రాలు చేయునది ఏ పదేండ్ల కొకమారో. భవనపు యజమానికిని, అతని తరపు దళారికిని అది నిత్యకృత్యము. ఏటేట అద్దె యెంత పెరుగునో, మరమ్మతు ఎవరిదో, మెట్లకును నడవలకును గల వైశాల్యము ఎవరి లెక్కలో కలియునో, గడువునకు ముందు ఖాళీ చేసిన పరిహార మెంతో, ఇవన్నియు ఒక ప్రక్కవానికి కరతలామలకములు, రెండవ ప్రక్కవానికి చిన్న యక్షరములు. అమెరికాలోను భవనముల దళారులు సామాన్యముగా యజమానుల మనుష్యులుగనే యుండిరి. దళారీ రుసుము సయితము యజమాని పెట్టెనుండి వచ్చుటయే యాచారము. స్టాబాక్ కంపెనీ అద్దెదారుని ప్రక్క నిలిచి, వాని తరపున మాత్రమే బేరమాడుట తన వృత్తిగా పెట్టుకొనెను. భవనము పొడవెంత అని కాక, ఇతని కెంత చోటు కావలెను, ఎప్పటికి కావలెను, అది యెచ్చట దొరకును అని యారంభించెను. చూలై గోదాములోని మూడు ప్రశ్నలే యివి.

1986లో చమురు వెల కూలుటతో టెక్సాసున ఆకాశహర్మ్యములు ఖాళీపడి, వానిని కట్టినవారును, వానికి అప్పులిచ్చిన సంస్థలును కుప్పకూలుచుండగా, భవనములను నమ్ముకొన్నవారు మునిగిరి. భవనము కావలసినవానిని నమ్ముకొన్నవారి పని మాత్రము మిగిలెను. ఆ కంపెనీ నగరమునుండి నగరమునకు వ్యాపించెను. 2008లో జోన్స్ లాంగ్ లాసాల్ సంస్థ దానిని 61.3 కోట్ల డాలర్లకు కొనెను. పదేండ్లకు, 2018 నవంబరులో, ఆ దేశపు అత్యున్నత పౌరపురస్కారమగు స్వాతంత్ర్య పతకము స్టాబాక్ మెడలో పడెను.

నిజము చెప్పవలెనన్న, ఇందు కీర్తి పాలును కలదు; దేశమంతయు నెఱిగిన మనుష్యునకు తలుపులు తెఱచినట్లు చమఖండి కుఱ్ఱవానికి తెఱవరు. ఆయన పట్టభద్రుడైన యధికారి. వీడు కనీసపు చదువుతో చేరిన నావికుడు. కీర్తి మనుష్యుని గుమ్మమువరకు తెచ్చును గాని, పత్రముపై చేవ్రాలు చేయించునది లెక్క. ఆ లెక్క నేర్పునది గోదాము.

కథ విని వాడేమియు ననలేదు. మఱునా డుదయమున సముద్రపు టొడ్డున వాడు పరుగెత్తుచు కానరాలేదు. తెప్పలు గట్టున చేరినచోట, మంచుగడ్డల పెట్టెలతో వచ్చిన వర్తకుడు చేపలు తూచుచుండగా, వాడు తన తాత ప్రక్కన నిలిచి, త్రాసు ముల్లునే చూచుచుండెను. "ఆ మంచు ధర కూడా మన లెక్కలోనే కోసేస్తున్నాడా, తాతా?" అని వాడడుగుట నాకు వినబడెను. ముసలివాడు, అరువదేండ్లుగా తన్నెవ్వరును అడుగని ప్రశ్న కావున, వల మడచుట మాని వాని ముఖమువంక చూచెను.