ఇంగ్లీషు ఆట, తెలుగు మాట

ఇంగ్లీషు నేర్పే ఫోన్ ఆటల్లో జవాబు సరిగ్గా చెప్తే ఒక నక్షత్రం వస్తుంది. పిల్లలకి సరదాగానే ఉంటుంది. నాకు మాత్రం అది మార్కుల చీటీకే రంగుకాగితం చుట్టినట్టు ఉంటుంది. ఆటతో భాష నేర్పడమన్న ఆలోచన ఇంతకంటే పాతది, లోతైనది కూడా. దాని దారుల్లో ఒకటి రాజమండ్రి మీదుగా పోయింది.

ఫ్రాన్సువా గువాన్ అనే ఫ్రెంచి టీచరు జర్మన్ కోసం హాంబర్గ్ వెళ్ళి వ్యాకరణం, నిఘంటువు బట్టీ పట్టాడు. అయినా ఎవరి మాటా అర్థం కాలేదు. తిరిగొచ్చేసరికి ఇంట్లో మూడేళ్ళ పిల్లాడు గలగలా మాట్లాడేస్తున్నాడు! వాడు ఓ రోజు పిండిమర చూసొచ్చి, మర ఆట మొదలెట్టాడు. సంచి నింపడం, మోయడం, పోయడం, ఒక్కో పనీ చేస్తూ ఆ పని పేరు పైకి చెప్పుకుంటూ పోయాడు. 1880లో గువాన్ ప్రచురించిన పద్ధతికి మూలం ఆ ఆటే. లేస్తాను, తలుపు దగ్గరికి నడుస్తాను, గడియ తీస్తాను: చేస్తూ చెప్పడం.

ముందు చెవీ నోరూ, తర్వాతే పుస్తకం అన్న ఈ ధోరణిని హెన్రీ స్వీట్, యెస్పర్సన్ శాస్త్రంగా నిలబెట్టారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి చదివింది వాళ్ళనే. 1906 ప్రాంతంలో స్కూళ్ళ ఇన్స్పెక్టరు జె.ఎ. యేట్స్, పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు కలిశారు. పరాయి ఇంగ్లీషునే మాట్లాడే భాషగా నేర్పాలంటుంటే, మన తెలుగుని ఏ ఇంట్లోనూ మాట్లాడని గ్రాంథికంలో ఎందుకు నేర్పుతున్నాం? వ్యావహారిక భాషోద్యమాన్ని కదిలించింది ఈ ప్రశ్నే. చాలామంది దాన్ని కవుల గొడవగా చదువుతారు గానీ, నాకది ముందు క్లాసురూము గొడవ.

మొదటి విడత ఓడిపోయారు. 1915లో ప్రభుత్వం గ్రాంథికం వైపే మొగ్గింది. ఆ నవంబరులోనే గురజాడ పోయారు. అయినా 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టింది. గిడుగు కార్యదర్శి. అధ్యక్షుడు, అంతకాలం గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం! ఆ మే నెలలోనే ఆయన కూడా వెళ్ళిపోయారు.

ఇప్పుడు గోదావరి గట్ల మీద క్రికెట్ ఆడే పిల్లల్ని వినండి. అవుటు, నోబాలు, ఎల్బీ అంటూ తెలుగు వాక్యాల మధ్యే ఇంగ్లీషుని తిప్పుతారు. నక్షత్రాలెవరూ ఇవ్వరు, బ్యాటింగ్ పోతుందన్న భయం చాలు. ఈమధ్య నేను చూసిన ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులోనూ ఆటే ఆడిస్తున్నారు. అందులో తెలుగు మాట దొర్లితే రెండు పాయింట్లు కోత. చివరి బెంచీ పిల్ల ఒక్క పాయింటూ పోగొట్టుకోలేదు. గంటసేపూ నోరే తెరవలేదు.