కొల్లేటి అడుగు

కొల్లేరు పతనాన్ని అందరూ పైపైనే లెక్కగట్టారు. ఎన్ని ఎకరాల నీరు పోయింది, ఎన్ని పెలికాన్లు వలస పోయాయి అని. సరస్సు చచ్చింది మాత్రం అడుగు నుంచి. నా బాధంతా ఆ అడుగు గురించే.

సుమారు 6,000 ఏళ్ల కిందట సముద్రం ఇక్కడిదాకా ఉండేదని భూవిజ్ఞానులు చెబుతారు. కృష్ణా గోదావరులు చెరోవైపు మేట వేస్తూ కడలిని వెనక్కి నెడితే, నడుమ మిగిలిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన ఒండ్రులో కొత్త ప్రాణం పుట్టింది.

ఎంత ప్రాణమని! లోతు తక్కువ కాబట్టి ఎండ అడుగుదాకా దిగేది, నాచు దట్టంగా పెరిగేది. ఆ నాచు సందుల్లో నత్తలు, గుల్లలు, బురదలో ఎర్రలు. వాటిని తిని బతికే జెల్లలు, మార్పులు. నత్తల కోసం దిగే నత్తగుల్ల కొంగలు. ఇక కొర్రమీను సంసారం చూసి తీరాల్సింది. కలుపు మధ్య కాస్త జాగా చేసుకుని గుడ్లు పెట్టేది. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకి తేలి గాలి పీలుస్తుంటే, తల్లీతండ్రీ కిందే కాపలా కాసేవి. వేసవిలో నీరు ఇంకితే తడి బురదలో దూరి వాన కోసం ఎదురుచూసేది. ఇక్కడి జాలర్లయిన వడ్డీలు మావులనే ఉచ్చులు పెట్టి పట్టుకున్నది ఈ చేపలనే.

1970లలో సహకార సంఘాల పేరిట చేపల చెరువులు వచ్చాయి. పేదల కోసమే మొదలైనా, తర్వాత పెట్టుబడిదారుల చేతికి పోయాయి. గట్టు వేయాలంటే అడుగు తవ్వాల్సిందే. నీరు తోడి, ఎండగట్టి, సున్నం చల్లి, మిగిలిన చేపను ఇప్పపిండితో చంపి, అప్పుడు బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలేవారు. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగిన కొర్రమీనుకు ఆ నీళ్లలో చోటు లేకుండా పోయింది. ఇంతలో ఊళ్ల మురుగు కాలువల వెంట వచ్చి చేరింది. పైన గుర్రపుడెక్క కమ్మేసి ఎండను ఆపింది. కుళ్లి కిందికి దిగి, ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేసింది.

1999లో అయిదో కాంటూరు (ఎత్తును సూచించే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు పగలగొట్టారు. ఆ దెబ్బ కూటికి లేనివాళ్లకీ తగిలింది, అది మరచిపోకూడదు. గట్లయితే పోయాయి గానీ, తవ్వి పారేసిన మట్టిని ఎవరు తిరిగి పరుస్తారు? చాలాచోట్ల చెరువులు మళ్లీ లేచాయి. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ మాత్రం అయిదో కాంటూరే ఉండాలంది.

ఇప్పుడు నీరు తగ్గిన వేసవుల్లో, సరస్సును సముద్రంతో కలిపే ఉప్పుటేరు వెంబడి సముద్రపు పోటు పైకి ఎగదన్నుతోంది. మంచినీటి నత్త, నాచు ఆ ఉప్పుకు తాళలేవు. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్ కట్టమని ఈ ప్రాంతం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది.