తెరకు దగ్గర, ధరకు చవక: నేల టికెట్టు పుట్టుపూర్వోత్తరాలు

నాటకంలో ముందు వరస ఖరీదు, సినిమాలో ముందు వరస చవక. మన ఊళ్లలో ఈ రెండూ ఒకే పందిట్లో, చాలాసార్లు ఒకే హాల్లో నడిచాయి. సురభివాళ్ల నాటకం ఊళ్లోకి వస్తే ముందు కుర్చీలు కరణంగారివీ మునసబుగారివీ. మైకులు లేని కాలం. పద్యం తీసే నటుడి గొంతులో జీర వినాలన్నా, అతని కళ్లలో నీళ్లు చూడాలన్నా ముందు కూర్చోవాలి. వెనక నిలబడ్డ పాలేరుకు రాగం అందేది, ముఖం అందేది కాదు.

అదే పందిట్లో తెల్లగుడ్డ కట్టి బొమ్మ ఆడించేసరికి లెక్క తారుమారైంది. తెరకు మరీ దగ్గరగా కూర్చుంటే బొమ్మ సాగినట్టు కనిపిస్తుంది, మెడ నొప్పెడుతుంది, కళ్లు మండుతాయి. దాంతో డబ్బున్నవాళ్లు వెనక్కి జరిగారు. ఖాళీ అయిన ముందు జాగా కూలివాడికీ రిక్షావాడికీ బడి ఎగ్గొట్టిన పిల్లాడికీ దక్కింది. అంతవరకు పెద్దలు కూర్చునేచోట వాళ్లు మొదటిసారి కూర్చున్నారు, అదీ టికెట్టు కొనుక్కుని. నేల టికెట్టు పుట్టుక అదే. మన సినిమా చరిత్రలో ఇంతకంటే పెద్ద సంఘటన లేదని నా నమ్మకం.

తరగతులు సినిమాతోపాటే వచ్చాయి. 1896 జూలై 7న లూమియేర్ సోదరుల మనుషులు బొంబాయిలో వాట్సన్ హోటల్లో మన దేశపు మొదటి ప్రదర్శన ఇచ్చినప్పుడు అందరికీ ఒకటే రేటు, రూపాయి. రూపాయి పెట్టి హోటల్లో బొమ్మ చూడగలిగినవాళ్లు దొరలూ దొరలవంటివాళ్లే. వారం తిరిగేసరికి ఆట నావెల్టీ థియేటరుకు మారింది. ఆ నెలాఖరుకల్లా నాలుగణాల నుంచి రెండు రూపాయల దాకా రకరకాల టికెట్లు పెట్టారు. ఘోషా స్త్రీలకు వేరే బాక్సులు ఏర్పాటు చేశారు. ధరను బట్టి జాగా, ఆడవాళ్లకు వేరే చోటు అనే ఏర్పాట్లు రెండూ ఒక్క నెలలోనే వచ్చేశాయన్నమాట. ఆ తర్వాత వందేళ్లపాటు మన హాళ్లు అదే పటం మీద నడిచాయి.

దక్షిణాదికి బొమ్మను మోసుకొచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సింది తిరుచ్చిలో రైల్వే ఉద్యోగం చేసిన స్వామికన్ను విన్సెంట్ గురించి. 1905లో ఒక ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరూ ఫిల్ములూ కొని, డేరా కట్టి ఊరూరా తిరిగాడు. తర్వాత మన రఘుపతి వెంకయ్య. 1869లో మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకున్న ఈయన 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. బొమ్మ తెర మీద ఆడుతుంటే పక్కన గ్రామఫోను పలుకుతుంది. దాన్ని విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించి, డేరాతో బయలుదేరి బర్మా, సింహళం దాకా వెళ్లొచ్చారు. ఆ డబ్బుతో మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ హాళ్లు కట్టారు. అందరూ ఆయన్ని తెలుగు సినిమా పితామహుడంటారు. తెలుగు ప్రేక్షకుణ్ణి తయారుచేసినవాడు అనడం ఇంకా సరైన మాట. సినిమా తీయడానికి ముందే ఆయన చూసేవాళ్లను కూడగట్టారు. విజయవాడలో 1921లో మారుతి హాలు వెలిసింది. తెలుగునేల మీద సినిమాకోసమే కట్టిన మొదటి హాలుగా దాన్ని చెప్పుకుంటారు.

కానీ పట్నాల్లో హాళ్లు లేచినా పల్లెకు మాత్రం ఎన్నో ఏళ్లు డేరాయే దిక్కు. టూరింగ్ టాకీసు అంటే గుడ్డ డేరా, లేదా తాటాకుల పాక, చుట్టూ తడికెలు, దూరంగా డగడగలాడే ఆయిలింజను. సాయంత్రం చీకటి పడేవేళ లౌడ్‌స్పీకర్లో ఘంటసాల భక్తిగీతం మొదలైతే నాలుగు ఊళ్లకు కబురు అందినట్టే. ఆ పాట అయ్యేలోపు అన్నాలు తిని, చంటివాణ్ణి చంకనేసుకుని, పొలం గట్ల మీద లాంతర్లతో వచ్చేవాళ్లు.

లోపల తెర నుంచి మొదట నేల, తర్వాత బెంచీ, ఆ వెనక కుర్చీ. మేడ ఉన్న హాలైతే పైన బాల్కనీ. నేల అంటే నిజంగా నేలే. ఏటి ఇసుక తోలించి పరిచేవాళ్లు. ముందు కూర్చున్నవాడు పొడగరి అయితే వెనకవాడు ఇసుక కుప్ప చేసుకుని దానిమీద కూర్చునేవాడు. అప్పుడు వాడి వెనకవాడికి కనబడదు, వాడు ఇంకాస్త పెద్ద కుప్ప పోసేవాడు. రీలు మారేలోపు అక్కడ తిన్నెలు లేచేవి, గొడవలూ లేచేవి. పిల్లలు ఆ ఇసుకలోనే ఆడి, అందులోనే నిద్రపోయేవాళ్లు. తెల్లారి ఊడ్చేవాడికి వేరుశనగ తొక్కలతోపాటు కాళ్ల పట్టీ, కానీ, తాళంచెవి దొరికేవి. బీడీ పొగ ప్రొజెక్టరు వెలుగులో మెలికలు తిరుగుతూ కనిపించేది. గోళీసోడా కొట్టిన చప్పుడు విలన్ మాటకు అడ్డం వచ్చినా ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు.

డేరాలో ఉండేది ఒకటే ప్రొజెక్టరు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. మూడు గంటల బొమ్మకు 16 వేల అడుగుల పైమాటే. రెండు యంత్రాలున్న పట్నం హాల్లో ఒకదాని వెనక ఒకటి ఎత్తుకుని బొమ్మ తెగకుండా చూస్తారు. డేరాలో రీలు అయిపోయిందంటే ఆట ఆగాల్సిందే, లైట్లు వెలగాల్సిందే. ఇంటర్వెల్ ఒకసారి కాదు, చాలాసార్లు. సోడాలవాడికీ మరమరాలవాడికీ అదే బేరం. యంత్రంలో వెలుగు కార్బన్ కడ్డీలది. రెండు కడ్డీల మొనల మధ్య మంట ఎగిరి తెర మీద వెలుగు పడుతుంది. కడ్డీలు అరిగేకొద్దీ ఆపరేటరు దగ్గరకు జరుపుతూ ఉండాలి. కాస్త ఏమరితే తెర పసుపెక్కి, మసకబారుతుంది. అప్పుడు మొదటి ఈల నేల నుంచే వచ్చేది. బొమ్మ మసకైతే ముందు తెలిసేది తెరకింద కూర్చున్నవాడికే కదా. పైన క్యాబిన్లో చెమటలు కక్కుతూ ఉన్న ఆపరేటరు ఆ ఈల విని కడ్డీ తిప్పేవాడు. ప్రేక్షకుడికీ హాలుకూ మధ్య అంత సూటి సంబంధం మళ్లీ రాలేదు.

క్యాబిన్ అంత ఇరుకుగా, గోడ మధ్యలో చిన్న కంతలతో ఎందుకుండేదో చాలామందికి తెలియదు. 1950ల మొదటిదాకా వాడిన ఫిల్ము నైట్రేట్ ఫిల్ము. అగ్గి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. 1918లో తెల్లదొరతనం తెచ్చిన సినిమాటోగ్రాఫ్ చట్టం సెన్సారు కోసం ఎంతో అగ్నిప్రమాదాల నివారణ కోసమూ అంతే. క్యాబిన్ మంటలంటని గదిలో వేరుగా ఉండాలి, తలుపులు బయటికి తెరుచుకోవాలి, దారులకు అడ్డం ఉండకూడదు. ఇవాళ హాల్లో చీకట్లో ఎర్రగా వెలిగే ‘బయటికి దారి’ బోర్డు మూలం ఆ భయమే.

ఈల వేస్తే ఆపరేటరు విన్నాడు సరే, నేలవాళ్లకు ఆ మర్యాద టికెట్టు కిటికీ దగ్గర దొరకలేదు. ఇది చెప్పక తప్పదు. బాల్కనీ కిటికీ దగ్గర నీడ, మెట్లు. నేల టికెట్టుకు మాత్రం ఒక మనిషి పట్టేంత ఇరుకు గోడల సందు, పైన ఇనుప కమ్మీలు, చివర చెయ్యి దూరేంత కన్నం. కొత్త బొమ్మ రోజున ఆ సందులో మనుషుల భుజాల మీదుగా మనుషులు పాకేవాళ్లు. చొక్కా చిరిగి, చెయ్యి గీరుకుపోయి, పలచని రంగు కాగితం పట్టుకుని బయటపడితే యుద్ధం గెలిచినట్టే. గేటు కీపరు సగం చింపి ఇచ్చేవాడు. సీటు నంబరు ఉండదు, పరుగెత్తి ఎవరు ముందు చేరితే వారిది. ఆడవాళ్లకు వేరే సందు, లోపల వేరే జాగా, మధ్యలో అడ్డగోడో తెరో. ఆ అడ్డు వల్లే పరువుకు భయపడే ఇళ్లల్లోంచి ఆడవాళ్లు బయటికి రాగలిగారు. లవకుశ మొదటిది 1934లో, రంగుల్లో తీసింది 1963లో. ఆ బొమ్మలకు బళ్లు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా కదిలారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొత్త బొమ్మ నేలకు చేరడం ఆలస్యమయ్యేది. ప్రింటు తయారీ ఖర్చు ఎక్కువ కాబట్టి కొన్నే తీసేవారు. అవి ముందు పెద్ద పట్నాల్లో, తర్వాత చిన్న పట్నాల్లో, అరిగి గీతలు పడ్డాక పల్లె డేరాలో ఆడేవి. ఏ, బీ, సీ సెంటర్లనే లెక్క అక్కడిది. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకుంటే, ఒక హాల్లో అయిపోయిన రీళ్ల డబ్బాను సైకిలు మీద రెండోదానికి మోసుకెళ్లేవాడు ఒక కుర్రాడు. వాడి సైకిలు పంక్చరైతే అక్కడ ఆట ఆగిపోయేది.

నేల ఒక్కరోజులో పోలేదు. ముందు ఇసుక పోయి గచ్చు వచ్చింది, గచ్చు మీద బెంచీలు, బెంచీల చోట ఇనుప కుర్చీలు. పక్కా హాళ్లు పెరిగేకొద్దీ డేరాలు తగ్గాయి, టీవీ ఇంటింటికీ వచ్చాక మరీ తగ్గాయి. 2003లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు పక్కన ప్రసాద్స్ ఐమాక్స్ తెరిచాక మల్టీప్లెక్సు మనకు అలవాటైంది. సీటుకు నంబరు, ఏసీ, శుభ్రమైన మరుగుదొడ్లు. ఆడవాళ్లు ఏ అడ్డగోడా లేకుండా మగవాళ్ల పక్కనే కూర్చున్నారు. ఇవన్నీ మంచి మార్పులే, నేల మీది ఇరుకును గొప్పగా చెప్పి వీటిని తక్కువ చేయడం నాకిష్టం లేదు. 2000ల మధ్య నుంచి డిజిటల్ ప్రొజెక్షను వచ్చి డబ్బా, కార్బను, సైకిలు కుర్రాడు ముగ్గురినీ ఇంటికి పంపింది. దానివల్ల పల్లె హాలుకూ బొమ్మ మొదటిరోజే వచ్చింది. ఎన్నో ఏళ్లు గీతలు పడ్డ ప్రింటే చూసినవాడికి దక్కిన న్యాయం అది.

ధర విషయంలో మాత్రం న్యాయం జరగలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఏప్రిల్లో ఇచ్చిన జీవో 35 ప్రకారం గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాలు కింది తరగతి టికెట్టు 5 రూపాయలు. ఆ డబ్బుతో హాలు నడవదని యజమానులు గోల పెట్టారు, చాలా హాళ్లు మూతపడ్డాయి. వాళ్ల బాధ నిజమే, కరెంటు బిల్లే రాదు. 2022 మార్చిలో కొత్త జీవోతో కింది ధర 20 రూపాయలైంది. మల్టీప్లెక్సు రిక్లయినరు సీటుకు 250 పెట్టారు. ఆ జీవోలోనే ఒక మాట ఉంది: ప్రతి హాల్లోనూ నాలుగోవంతు సీట్లు తక్కువ ధర తరగతికి కేటాయించాలని. నూరేళ్ల క్రితం ఎవరూ రాయకుండానే నడిచిన ఏర్పాటును ఇప్పుడు కాగితం మీద పెట్టి కాపాడాల్సి వచ్చింది.

ఇక పెద్ద హీరో బొమ్మ వస్తే, ఏ రాష్ట్రంలోనైనా ఇలాంటి కాగితం పక్కనపెట్టి మరో కాగితం వస్తుంది. 2024 డిసెంబరులో పుష్ప 2 విడుదలకు ముందురోజు రాత్రి ఆటకు, ఉన్న ధర మీద 800 రూపాయలు పెంచుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. సింగిల్ స్క్రీనుకూ మల్టీప్లెక్సుకూ ఒకే పెంపు. శాతంలో లెక్కేస్తే ఆ పెంపు అందరికంటే గట్టిగా తగిలింది చవక టికెట్టుకే. తెర మీద హీరో కూలివాడిగా మొదలైనవాడు. ఆ రోజు అతణ్ణి చూడాలంటే నిజం కూలివాడు రెండు రోజుల కూలి పెట్టాలి. పెంపు ఇవ్వదలిస్తే వెనక వరసలకు ఎంతైనా ఇవ్వండి, ముందు నాలుగు వరసల ధర మాత్రం ఏ బొమ్మకూ, ఏ రోజూ ముట్టుకోవద్దని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఒక్క వాక్యం చేరిస్తే చాలు.