పరుగెత్తేవారు - పరుగు చూడనివారు

వీధిలో కొబ్బరిమట్టను బ్యాటుగా చేసుకొని క్రికెట్టు ఆడే కుర్రవాడికి దేశపు జట్టులోని ఆటగాండ్ర పేర్లన్నీ కంఠస్థం. సంగీతం నేర్చుకొనే బాలిక, పెద్ద విద్వాంసుల కచేరీ రేడియోలో వచ్చే వేళకు తన పాఠం ఆపి చెవియొగ్గి కూర్చుంటుంది. ఒక విద్యను అభ్యసించేవాడు ఆ విద్యలో శిఖరం చేరినవారి వైపు చూడటం లోకసహజం. ఈ నియమానికి ఒక విచిత్రమైన మినహాయింపు ఉన్నది. అది పరుగు.

నేడు ఎన్నో దేశాలలో తెల్లవారుజామున లక్షలాది జనం ఉద్యానవనాలలోను, చెరువు గట్లమీదను పరుగెత్తుతున్నారు. కిందటి ఆదివారం పది కిలోమీటర్లకు తమకు ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లు పట్టినదో వారు తడుముకోకుండా చెప్పగలరు. 2023 అక్టోబరు 8న షికాగో నగరంలో కెన్యా యువకుడు కెల్విన్ కిప్టమ్ మారథాన్ పందెాన్ని 2 గంటల 35 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన సంగతి అడిగితే మాత్రం వారిలో పెక్కుమంది తెల్లబోతారు. ఇది వారి అజ్ఞానమా? కృతఘ్నతా? లేక దీని వెనుక ఏదైనా చరిత్ర ఉన్నదా? ఉన్నదనియే నా అభిప్రాయం.

మొదట ఈ భేదం లేదు. 1896లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో తొలి మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయిస్, మరూసి గ్రామంలో నీళ్లు మోసి జీవించిన సామాన్యుడు. మరుసటి సంవత్సరం అమెరికాలోని బోస్టన్‌లో మారథాన్ ఆరంభమైనప్పుడు బయలుదేరినవారు 15 మంది. ఆ పదిహేనుమందీ గెలుపు కోసమే వచ్చినవారు. వెనుకబడినవాడు కూడ ముందున్నవాని వీపును చూస్తూనే పరుగెత్తినాడు. పరుగెత్తేవాడు, పరుగును అనుసరించేవాడు అప్పట్లో ఒక్కడే.

ఆ తరువాత చాలకాలం పరుగు కొద్దిమంది చేసే పని, అందరూ వినే వార్త. 1954 మే 6న ఆక్స్‌ఫర్డులోని ఇఫ్లీ రోడ్ మైదానంలో రోజర్ బానిస్టర్ అనే వైద్యవిద్యార్థి మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తినాడు. ఆనాటి ప్రకటనకర్త నారిస్ మెక్‌విర్టర్ ఫలితాన్ని కావాలని మెల్లమెల్లగా చదువుతూ ‘మూడు’ అన్న మాట పలికేసరికి, మిగిలిన అంకెలు జనఘోషలో మునిగిపోయినవి. ప్రసార వృత్తిలో ఉన్నవారెవరికైనా ఆ ఒక్క మాట మీద అసూయ కలుగుతుంది. నాలుగు నిమిషాల ఆట, నాలుగు చుట్లు, ఒక్క అంకె. జన్మలో ఒక్క మైలు పరుగెత్తనివాడు కూడ ఆ వార్త విని పులకించినాడు.

ఇక కథ న్యూజిలాండుకు పోతున్నది. ఆక్లండ్ నగరంలో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు ఉండేవాడు. చెప్పుల కర్మాగారంలో పనిచేసిన ఈయన, ఎంత దూరం పరుగెత్తితే దేహానికి ఎంత మేలో తన శరీరం మీదనే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి తెలుసుకొన్నాడు. వేగానికి ముందు ఓర్పు కావాలన్నది ఆయన సిద్ధాంతం. మధ్యదూరాల వీరులచేత కూడ వారానికి నూరు మైళ్లు, అనగా 160 కిలోమీటర్లు, పరుగెత్తించేవాడు. 1960 సెప్టెంబరు 2న రోము ఒలింపిక్సులో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలోను, మరీ హాల్‌బర్గ్ 5000 మీటర్లలోను స్వర్ణపతకాలు సాధించినారు. చిన్న దేశం, ఒకే గురువు, ఒకే అపరాహ్ణం, రెండు విజయాలు.

అయితే ఆ గురువు మరొక పని కూడ చేసినాడు. లోకం ఆ పనిని అంతగా గుర్తుంచుకొనలేదు. హృద్రోగులకు విశ్రాంతియే మందు అని భావించిన ఆ రోజులలో, నడివయస్సు దాటినవారిని, గుండెజబ్బు వచ్చి తేరుకొన్నవారిని కూడగట్టి మెల్లగా పరుగెత్తించినాడు. 1962లో ఆక్లండ్‌లో ఈ మందగమనుల సంఘం ఏర్పడినది. దాని పేరులోనే ‘జాగర్స్’ అన్న మాట ఉన్నది. అక్కడ పందెం లేదు, పతకం లేదు, ఓడినవాడు లేడు.

అదే సంవత్సరంలో అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బవర్మన్ ఆక్లండ్‌కు అతిథిగా వచ్చినాడు. అప్పటికి ఆయనకు యాభై దాటినవి. ఎందరో వీరులను తీర్చిదిద్దినవాడు. ఒక ఉదయం ఈ సంఘంతో కలిసి పరుగెత్తబోయి, కొద్దిసేపటిలోనే రొప్పుతూ వెనుకబడినాడు. డెబ్బై దాటిన వృద్ధుడొకడు దయతలచి ఆయన పక్కనే వచ్చినాడట. ఆ పరాభవం ఆయనను మార్చివేసినది. స్వదేశం చేరి తన ఊరివారిని మైదానానికి పిలిచినాడు. ఒక హృద్రోగ నిపుణునితో కలిసి 1967లో ‘జాగింగ్’ అనే పుస్తకం ప్రచురించినాడు. అందులోని ముఖ్యసూత్రం చాలా సులభం: పక్కవానితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే నీకు తగిన వేగం.

శ్రోతలు ఈ సూత్రాన్ని ఒక్కసారి గమనించవలెను. వీరుని కొలత గడియారం. ఇతని కొలత ఊపిరి. వీరుడు ఎదుటివానిని దాటవలెను. ఇతడు పక్కవానితో కబుర్లు చెప్పవలెను. సామాన్యుని పరుగును పుట్టించినవారు వీరుల గురువులే. అయినా వారు దానిని వీరుల పరుగుకు చిన్న రూపంగా కాక వేరొక వస్తువుగానే రూపొందించినారు. మందువలె తీసుకొమ్మన్నారు. మందు తాగేవాడు వైద్యశాస్త్ర పోటీల ఫలితాలు చూడనక్కరలేదు గదా!

తరువాత ప్రవాహం పొంగినది. 1972 మ్యూనిక్ ఒలింపిక్ మారథాన్‌లో ఫ్రాంక్ షార్టర్ గెలవడం టెలివిజనులో చూసి ఎందరో అమెరికనులు వీధులలోకి వచ్చినారు. న్యూయార్కు మారథాన్ 1970లో మొదలైనప్పుడు పేర్లిచ్చినవారు 127 మంది, గమ్యం చేరినవారు 55 మంది. 2024లో అదే పందెంలో గమ్యం చేరినవారు 55 వేలకు పైగా! 1981 మార్చి 29న లండను మారథాన్ మొదలైనది. దాని స్థాపకులలో ముఖ్యుడు క్రిస్ బ్రేషర్. ఆక్స్‌ఫర్డులో బానిస్టర్‌కు మొదటి చుట్లలో ముందు నడిచి వేగం చూపినవాడూ ఆయనే. ఆ తొలి లండను పందెంలో అమెరికను బియర్డ్‌స్లీ, నార్వే దేశస్థుడు సిమన్సెన్ చేయి చేయి పట్టుకొని ఒక్కసారే గీత దాటినారు. పోటీయే పోటీని మరచిన ఆ దృశ్యం, రాబోయే కాలానికి గుర్తుగా నిలిచినది.

ఇందులో మరొక వింత ఉన్నది. టెన్నిసు నేర్చుకొనేవాడు పెద్ద పోటీని ప్రేక్షకుడై చూడగలడు. పెద్ద మారథాన్‌లలో సామాన్యుడు, వీరుడు అదే దినాన అదే బాటమీద పరుగెత్తుతారు. అందువలననే సామాన్యుడు వీరుని చూడలేడు. వీరుడు 2 గంటల 5 నిమిషాలలో గీత దాటే వేళకు, ఐదు గంటలవాడు ఇంకా 18వ కిలోమీటరులో చెమటోడ్చుతుంటాడు. ఒకే పెండ్లికి వెళ్లి పెండ్లికొడుకును చూడకుండ వచ్చినట్లే!

ప్రసారకునిగా ఇంకొక కారణం చెప్పగలను. క్రికెట్టులో బంతి బంతికి ఒక కథ. మారథాన్‌లో రెండు గంటలు ఒకే వేగం, ఒకే శ్వాస. కీలకమైన క్షణం ముఖంలో కనిపించదు, కాలిలో వినిపించదు. పైగా ఆ వీరుడు సంవత్సరానికి రెండు మూడు మారథాన్‌లకు మించి పరుగెత్తడు. ముఖపరిచయం లేనివానిమీద మమకారం ఎట్లా కలుగుతుంది?

ఈ దారి చివర పార్క్‌రన్ ఉన్నది. 2004 అక్టోబరు 2న లండనులోని బుషీ పార్కులో 13 మందితో మొదలైన ఈ శనివారపు ఐదు కిలోమీటర్ల పరుగు అనేక దేశాలకు వ్యాపించినది. 2024లో ఆ సంస్థ తన వెబ్‌సైటు నుండి అతివేగవంతుల పట్టికలను తొలగించినది. కొందరు ఆగ్రహించినారు. కాని ఆక్లండ్‌లో 1962లో వేసిన విత్తనానికి ఇది సహజమైన ఫలమే.

అట్లయితే ఈ నిరాసక్తత నిర్దోషమని తేల్చవచ్చునా? మన దేశం వైపు చూసినప్పుడు నా మనస్సు ఒప్పుకొనడం లేదు. 1974 టెహరాన్ ఆసియా క్రీడలలో 5000 మీటర్ల స్వర్ణం గెలిచిన సైనికుడు శివనాథ్ సింగ్, 1976 మాంట్రియల్ ఒలింపిక్ మారథాన్‌లో 11వ స్థానం పొందినాడు. 1978లో జలంధరులో 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ పూర్తిచేసినాడు. ఆ జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. పలు పందెాలలో ఆయన పాదరక్షలు లేకుండానే పరుగెత్తినాడు. 2003లో కన్నుమూసినాడు. 2004లో ముంబయి మారథాన్ మొదలైనది. తరువాత హైదరాబాదుతో సహా మన నగరాలలో వేలాదిమంది పరుగు నేర్చినారు. ఖరీదైన బూట్లు కట్టుకొని బయలుదేరే మనలో, ఆ వట్టికాళ్లవాని పేరు విన్నవారెందరు?

వీరులను అనుసరించడం విధి కాదు. తన ఊపిరే కొలతగా పరుగెత్తేవాడు ఎవరికీ ఏ తప్పూ చేయడం లేదు. కాని ఆదివారంనాడు అతడు చేసే దూరపు పరుగు, లిడియార్డ్ శిష్యులు ఆక్లండ్ కొండలలో కాళ్లు అరిగేటట్లు పరీక్షించి చూపిన పరుగే. ‘మెల్లగా, దూరంగా’ అనే హితవు వారి చెమటలో తడిసి మనదాకా వచ్చినది. అట్లే నేటి వీరునికి ముట్టే బహుమానంలో వెనుక వచ్చే వేలాదిమంది చెల్లించే రుసుముకు కూడ పాలు ఉన్నది. ఇద్దరూ ఒకరి అన్నం ఒకరు తింటున్నారు. ఒకరి ముఖం ఒకరు ఎరుగరు.

రేపు ఉదయం పరుగుకు బయలుదేరే శ్రోతలకు నా మనవి ఒక్కటే. వేగం పెంచనక్కరలేదు, పట్టికలు చదవనక్కరలేదు. పక్కవానితో మాట్లాడుతూ పరుగెత్తమన్నారు గదా పెద్దలు. ఆ మాటలలో ఒకనాడు శివనాథ్ సింగ్ పేరు కూడ దొర్లనివ్వండి.