నిక్సన్ నుంచి మన నీలం సంజీవరెడ్డి దాకా: ఆరోపణ వస్తే నాయకుడు ఏం చేశాడు, జనం ఏం తీర్పు చెప్పారు?

తనకల్లు: అమెరికా అధ్యక్షుల కుంభకోణాల గురించి టీవీల్లో, ఫోన్లలో రోజూ ఏదో ఒక ముచ్చట వినపడుతూనే ఉంటుంది. కానీ దేశానికి రాష్ట్రపతి అయిన మన ప్రాంతం మనిషి ఒకాయన కూడా ఇలాంటి పరీక్షలు ఎదుర్కొన్నారని ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆయనే నీలం సంజీవరెడ్డి. అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913 మే 19న పుట్టారు. తనకల్లు మండలం ఇప్పుడు ఏ హిందూపురం లోక్‌సభ స్థానం కింద ఉందో, అదే హిందూపురం నుంచి 1967లో ఎంపీగా గెలిచారు. ఆయన మీద వచ్చిన ఆరోపణలు ఏంటి, కోర్టులు ఏమన్నాయి, ఓటర్లు ఏం చేశారు? వివరాలు ఇవి.

ముందు అమెరికా సంగతి

1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, ప్రతిపక్ష డెమొక్రటిక్ పార్టీ ఆఫీసులో దొంగతనంగా దూరిన ఐదుగురు పట్టుబడ్డారు. ఆ సమయంలో రిచర్డ్ నిక్సన్ అధ్యక్షుడు. ఆ ఏడాది నవంబరులో ఆయన భారీ మెజారిటీతో మళ్లీ గెలిచారు కూడా. అంటే మొదట్లో జనం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1973లో సెనెట్ కమిటీ విచారణ టీవీల్లో వచ్చింది. నిక్సన్ ఆఫీసులో మాటలన్నీ టేపుల్లో రికార్డు అయ్యాయని బయటపడింది. ఆ టేపులు ఇవ్వాల్సిందేనని 1974 జులై 24న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. గ్యాలప్ సర్వేలో 1973 జనవరిలో 68 శాతం దగ్గర ఉన్న ఆయన మద్దతు చివరికి 24 శాతానికి పడిపోయింది. 1974 ఆగస్టు 9న పదవి వదిలేశారు.

బిల్ క్లింటన్ విషయంలో దీనికి పూర్తిగా రివర్స్ జరిగింది. 1998 డిసెంబరు 19న ప్రతినిధుల సభ ఆయన్ను అభిశంసించింది. అదే రోజుల్లో గ్యాలప్ సర్వేలో ఆయన మద్దతు 73 శాతానికి పెరిగింది. 1999 ఫిబ్రవరి 12న సెనెట్ ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది. తప్పు సొంత జీవితానికి సంబంధించినదా, అధికారాన్ని దుర్వినియోగం చేసినదా అనే తేడాను అప్పట్లో చాలామంది అమెరికన్లు చూశారు.

బస్సు రూట్ల కేసు, 1964

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డే. 1960లో కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా వెళ్లి, 1962లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పట్లో ప్రైవేటు బస్సులు తిరిగే రూట్లను ఆర్టీసీ ఒక్కొక్కటిగా తీసుకుంటోంది. కర్నూలు జిల్లా రూట్లు తీసుకునేందుకు తయారు చేసిన స్కీముల మీద బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. ముందు అనుకున్న జిల్లాల వరుసను మార్చారని, ముఖ్యమంత్రి తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీసేందుకే ఇలా చేయించారని వాళ్ల ఆరోపణ.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంత పెద్ద ఆరోపణ చేస్తే ముఖ్యమంత్రి తరఫున దాన్ని ఖండిస్తూ అఫిడవిట్ రాలేదన్నది అక్కడ ముఖ్యమైన అంశం అయింది. జవాబు లేని ఆరోపణను నిలిచినట్టే తీసుకోవాల్సి వస్తుందని భావించి, 1964లో కోర్టు ఆ స్కీములను కొట్టేసింది. ఇది క్రిమినల్ కేసు కాదు. ఆయనకు శిక్ష ఏమీ పడలేదు. రాజీనామా చేయమని కోర్టు చెప్పనూ లేదు. అయినా ఆ వ్యాఖ్యల తర్వాత 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆయన స్థానంలో కాసు బ్రహ్మానందరెడ్డి వచ్చారు.

నిక్సన్ రెండేళ్లు లాగి, దిగక తప్పని స్థితి వచ్చాక దిగారు. సంజీవరెడ్డి తీర్పు రాగానే తప్పుకున్నారు. అదే ఏడాది లాల్ బహదూర్ శాస్త్రి ఆయన్ను కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రిగా తీసుకున్నారు. మూడేళ్లకు హిందూపురం ఓటర్లు గెలిపించి పంపారు. లోక్‌సభ స్పీకర్ అయ్యారు. స్పీకర్ ఏ పార్టీకీ చెందకూడదని కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు.

కరపత్రం, 1969

1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆ పదవికి ఎన్నికైన మొదటి ముస్లిం ఆయనే. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతిగా ఉండి, పోటీ చేయడానికి జులై 20న తప్పుకున్నారు. అప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం. హిదాయతుల్లా సుమారు నెల రోజులు తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యత చూశారు.

కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి. పార్టీలో సిండికేట్ అని పిలిచే పెద్ద నాయకులు ఆయన్ను నిలబెట్టారు. ప్రధాని ఇందిరాగాంధీకి అది ఇష్టం లేదు. జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేసి జనంలో ఊపు తెచ్చుకున్న ఆమె, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండని సభ్యులకు పిలుపిచ్చారు. ఈ ఎన్నికలో ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. మామూలు ఓటరుకు ఇందులో ఓటు ఉండదు.

పోలింగుకు ముందు సంజీవరెడ్డి వ్యక్తిత్వం మీద నీచమైన ఆరోపణలతో, ఎవరు వేశారో తెలియని ఒక కరపత్రం ఎంపీల మధ్య తిరిగింది. ఆగస్టులో ఓట్లు లెక్కపెడితే మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ ఓట్లు వచ్చాయి. తేడా 14,650 మాత్రమే. ఆ ఏడాది చివరికి కాంగ్రెస్ రెండుగా చీలింది.

ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. కరపత్రం మీద పెద్ద విచారణే జరిగింది. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టేసింది. కరపత్రంలో మాటలు నిజమని ఎవరూ నిరూపించలేదు. కానీ జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయింది.

ఓటరు తీర్పు

1971 లోక్‌సభ ఎన్నికల్లో అనంతపురంలో సంజీవరెడ్డి ఓడిపోయారు. ఇందిర గాలి అంత బలంగా వీచింది. తర్వాత కొన్నేళ్లు ఆయన వ్యవసాయం చూసుకుంటూ ఉండిపోయారు. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఆ ఒక్కటి, నంద్యాల, జనతా పార్టీ తరఫున సంజీవరెడ్డి గెలిచారు. మళ్లీ స్పీకర్ అయ్యారు. ఆ జులైలోనే రాష్ట్రపతిగా పోటీ లేకుండా ఎన్నికయ్యారు. 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరించారు. పోటీ లేకుండా ఎన్నికైన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఎనిమిదేళ్ల కింద చేజారిన కుర్చీలో జులై 25న కూర్చున్నారు.

రాష్ట్రపతిగానూ విమర్శలు తప్పలేదు. 1979 ఆగస్టులో లోక్‌సభలో బలం చూపకుండానే రాజీనామా చేసిన చరణ్‌సింగ్ సలహా మీద సభను రద్దు చేశారు. జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వలేదని అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. 1982లో పదవీకాలం ముగించుకున్నారు. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు.

మనం చూడాల్సిన తేడా

ఒకే మనిషి జీవితంలో రెండు రకాల ఆరోపణలు కనిపిస్తాయి. బస్సు రూట్ల కేసులో ఆరోపించినవాళ్లు పేరు పెట్టి, కోర్టులో నిలబడి చెప్పారు. అవతలి పక్షానికి జవాబు చెప్పే అవకాశం దొరికింది. జవాబు రాకపోతే దాని ఫలితం పదవి పోయేదాకా వెళ్లింది. కరపత్రంలో చెప్పినవాడి పేరు లేదు, రుజువు లేదు, జవాబు చెప్పే టైమూ లేదు. వాటర్‌గేట్‌లోనూ జనం మనసు మార్చింది పుకార్లు కావు. ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యాలు, టేపులు.

ఇప్పుడు ఆ కరపత్రం వాట్సాప్ మెసేజ్‌గా వస్తోంది. ఎలక్షన్ ముందు రోజు రాత్రి ఒక నాయకుడి మీద గానీ, ఒక బస్తీ మీద గానీ, ఒక మతం మీద గానీ ఏదైనా వస్తే అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఎవరు చెప్పారు? రుజువు ఎక్కడ? అవతలివాళ్ల జవాబు ఏంటి? ఈ మూడూ తెలిశాకే పక్కవాళ్లకు పంపాలా, ఓటు మార్చుకోవాలా అన్నది తేల్చుకోవచ్చు.