మాస్టారి చేతికొచ్చిన పోలీసు జట్టు

పోయిన జూన్‌లో బడులు తెరిచే ముందు విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. ఇంటికి కావలసిన సరుకులు కొనుక్కుని వస్తుంటే పక్క వీధిలో ఆటసామాన్ల కొట్టు కనిపించింది. లోపలికెళ్లి మా బడి పిల్లలకి ఫుట్‌బాల్ అడిగాను. కొట్టాయన, "ఏ ఊరు మాస్టారూ?" అన్నాడు. ఏజెన్సీ అని చెప్పాను. "మన తెలుగోళ్లకి ఫుట్‌బాల్ ఎక్కడిదండీ? అది బెంగాలోళ్ల ఆట, కేరళోళ్ల ఆట. క్రికెట్ బ్యాట్ పట్టుకెళ్లండి" అన్నాడు. మంచి మనిషే, ధర కూడా కొంచెం తగ్గించాడు. బంతి కొనుక్కుని బస్సెక్కాను గాని, ఆయనకి జవాబు చెప్పలేకపోయాను. చెప్పవలసిన జవాబు ఇది.

1950లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ జట్ల పేర్లే అందరి నోటా ఉండేవి. ఆ ఏడాది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు కొత్త కోచ్ చేతికి వచ్చింది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి బడిపంతులు. ఉస్మానియాలో చదువుకుని కాచిగూడ మిడిల్ స్కూలులో, ఉర్దూ షరీఫ్ స్కూలులో, తర్వాత దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆ హైస్కూళ్లలో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. డిప్లొమా చేసిన ఉపాధ్యాయుడు అన్న మాట చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

ఆ మొదటి ఏడాదే పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది. ఢిల్లీ డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్ ఎదురైంది. మొదటి ఆట సమం అయింది. మళ్లీ ఆడించినప్పుడు హైదరాబాద్ గెలిచింది. దేశంలోని పెద్ద కప్పుల్లో రెండు ఒక్క ఏడాదే వచ్చాయి. రోవర్స్ కప్పునైతే 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు వదలలేదు. రహీం 1963లో చనిపోయేదాకా ఆ జట్టుకి ఆయనే కోచ్. రాష్ట్రాలు మారాక జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతో 1961లో మరోసారి డ్యూరాండ్ గెలిచింది, అదీ మోహన్ బగాన్ మీదే. పూర్ణా మార్కెట్ కొట్టాయన పుట్టకముందే మన రాష్ట్రం పేరు ఆ కప్పు మీద ఉందన్నమాట.

పోలీసు అన్న మాట చూసి కొందరు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. 1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీంను కాల్చి చంపింది నిజాం పోలీసులే. 1948లో నిజాం పాలన పోయింది. భీం చనిపోయిన పదేళ్లకు హైదరాబాద్ పోలీసు జట్టు కప్పు ఎత్తింది. ఇది రాసేటప్పుడు నా చెయ్యి కూడా ఒకసారి ఆగింది. కానీ ఒకటి చెప్పడానికి రెండోది దాచక్కర్లేదు. ఆ రోజుల్లో బంతి తన్నినందుకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆటగాడికి పోలీసు ఉద్యోగమే అన్నం పెట్టేది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ లాంటివాళ్లు ఆ జట్టులోంచే భారత జట్టుకి వెళ్లారు.

రహీం ఏం మార్చారు? డబ్బు పోసి కలకత్తా నుంచి ఆటగాళ్లను తెచ్చుకోలేదు. ఉన్నవాళ్లకి నేర్పారు. అప్పట్లో బంతి దొరికితే ఒక్కడే పట్టుకుని నలుగురిని తప్పించుకుంటూ పోవడం గొప్ప. రహీం బంతిని కాలి దగ్గర దాచుకోకుండా వెంటనే తోటివాడికి అందించే ఆట నేర్పారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టించారు. వాటం లేని కాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీలు పెట్టించారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమ వాటం వాడు కుడితో. ఇది ఉపాధ్యాయుడికే తట్టే ఉపాయం. వెనకబడిన పిల్లవాడికి రానిదాన్నే రోజూ చేయించే పద్ధతి మనకి తెలిసినదే. కాకపోతే మన బడుల్లో ఆటల పీరియడ్‌ని లెక్కల సారు అడిగి తీసుకుంటాడు, మనం ఇచ్చేస్తాం. నేనూ ఇచ్చాను, చాలా ఏళ్లు.

పోలీసు జట్టు గెలుపులు చూసి భారత జట్టుని కూడా ఆయనకే అప్పగించారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయారు. మనవాళ్లు చాలామంది ఆ చలిలో వట్టికాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. వట్టికాళ్ల వీరులని పత్రికలవాళ్లు ఇప్పటికీ మురిపెంగా రాస్తుంటారు. మా పిల్లల కాళ్లు చూసి వచ్చిన అతిథులు కూడా అలాగే అంటారు. నాకది నచ్చదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బూట్లు వేసుకున్న మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లారు, నాలుగో స్థానంలో నిలిచారు.

ఆ జట్టులో తులసీదాస్ బలరామ్ అనే కుర్రవాడున్నాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబం. రహీం అతని ఆట చూసి హైదరాబాద్ రమ్మంటే, రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు. రహీం సైకిలు అద్దెకి డబ్బులిచ్చారు. మన పిల్లలెందరు ఈ సైకిలు అద్దె దగ్గరే ఆగిపోయారో! రాంచీ వైపు ముండా బిడ్డ జైపాల్ సింగ్ 1928లోనే ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. ఆయన్నీ ఎవరో చూసి చదువుకి పంపితేనే ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లాడు.

1962లో జకార్తాలో రహీం జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మరో బంగారు పతకం గెలిచింది. అప్పటికే ఆయనకి క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక ఆయన పేరు మళ్లీ వినబడింది. అయితే ఆ సినిమా కథ 1952 నుంచి మొదలవుతుంది. పోలీసు జట్టుతో ఆయన మొదటి ఏడాది అందులో లేదు.

పూర్ణా మార్కెట్ బంతితో ఇప్పుడు మా బడిలో శనివారం సాయంత్రం ఎడమకాలి ఆట ఆడిస్తున్నాను. మొదటి రోజు "మాస్టారూ, కాలు మాట వినట్లేదు" అని అందరూ నవ్వులే. గోలు కొట్టింది మాత్రం ఏడో తరగతి ఆడపిల్ల. తనది పుట్టుకతోనే ఎడమకాలి వాటమని అప్పుడు తెలిసింది. నువ్వు కుడికాలితోనే ఆడాలమ్మా అంటే, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.